ఒక చెయ్యి చిక్కిపోతే: హోసూరు రోడ్డు పరిశోధనల కథ



పొద్దున ఆరు గంటలకు హోసూరు బస్‌స్టాండులో బెంగళూరు బస్సు ఎక్కి కూర్చుంటే, చుట్టూ మనకు తెలిసిన ముఖాలే కనిపిస్తాయి. గులాబీల మూటలు పట్టుకున్నవాళ్ళు, ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్ళు, కాలేజీ పిల్లలు. వాళ్ళ మధ్య ప్రతిరోజూ ఇద్దరు ముగ్గురైనా ఇంకొక రకం ప్రయాణికులు ఉంటారు. వాళ్ళ ఒళ్ళో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో పాత చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు. పక్కన చెయ్యి వణికే ఒక ముసలాయనో, కాలు ఈడ్చే ఒక కుర్రాడో ఉంటాడు. అత్తిబెలె దాటి, చందాపుర దాటి, బొమ్మసంద్ర, మడివాళ కూడా దాటాక వాళ్ళు లేచి నిలబడతారు. "నిమ్హాన్స్ దిగేవాళ్ళు రండి" అని కండక్టరు కేక వేస్తాడు.

ఆ రోడ్డు పేరు మన ఊరి పేరే. బెంగళూరువాళ్ళు దాన్ని హోసూరు రోడ్డు అంటారు. ఆ రోడ్డు పక్కన ఉన్న ఒక ఆసుపత్రిలో గత నలభై యాభై ఏళ్ళలో జరిగిన పరిశోధన ఎటువంటిది? దానికీ మన ఇళ్ళకూ ఉన్న సంబంధం ఏమిటి? ఈనాటి ప్రసంగంలో చెప్పదలచుకున్నది అదే. నేను వైద్యుణ్ణి కాను, బడిపంతుల్ని. అయినా ఈ సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు. నా తరగతి గదిలో మొదలైంది.

పదిహేనేళ్ళు దాటింది. శూలగిరి వైపు ఒక పల్లెనుంచి వచ్చే పిల్లవాడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివేవాడు. చేతిరాత ముత్యాలలాగా ఉండేది. మార్గశిర మాసం వచ్చింది. మన హోసూరు చలి మీకు తెలిసిందే గదా. ఆ చలి పొద్దుల్లో వాడి చేతిలో కలం నిలిచేది కాదు. "ఏమిరా, రాయవేం?" అంటే, "వేళ్ళు బిగుసుకుపోతున్నాయి సార్, ఎండ వస్తే సరిపోతుంది" అనేవాడు. సంక్రాంతి సెలవులు అయి వచ్చేసరికి చూశాను. వాడి కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా సన్నబడింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ పోయి గుంట పడింది. నొప్పి లేదు, జ్వరం లేదు, దెబ్బ తగిలిందీ లేదు.

ఇంట్లోవాళ్ళు మొదట దిష్టి అన్నారు. తరువాత ఎవరో పోలియో అన్నారు. నాటువైద్యుడి తైలంతో రెండు నెలలు మర్దన చేయించారు. ఆఖరికి ఒక పట్నంలో ఒక డాక్టరుగారు చెయ్యి చూసి, సరైన పరీక్షలు చేయించకుండానే తండ్రిని పక్కకు పిలిచి, ఇది నరాలు చచ్చిపోయే రోగం, రెండు మూడేళ్ళకు మించి బతకడు అని చెప్పేశారు. ఆ మరునాడే తండ్రి బడికి వచ్చాడు. నాకు ఎదురుగా నిలబడి ఒకే మాట అన్నాడు. "ఇంక వీనికి సదువెందుకు సారూ?"

బెంగళూరులో నిమ్హాన్స్‌కు పోదాం పదండి అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "నా కొడుక్కు పిచ్చి లేదు సారూ" అన్నాడు.

ఈ మాట వెనక ఒక చరిత్ర ఉంది. బెంగళూరులో 1847లో పిచ్చివాళ్ళ కోసం ఒక ఆశ్రమం పెట్టారు. 1925లో దానికి మానసిక వైద్యశాల అని పేరు మార్చారు. ఆ తరువాత అది ఊరి బయట, హోసూరు రోడ్డు మీది విశాలమైన స్థలానికి వచ్చింది. 1954లో దాని పక్కనే అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసింది. 1974 డిసెంబరులో ఈ రెండింటినీ కలిపి జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థను ఏర్పాటు చేశారు. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిస్తే నిమ్హాన్స్. ఆ పేరులోని రెండో సగాన్ని, అంటే నాడీశాస్త్రాలు అన్న మాటను, మన పల్లెలు ఇప్పటికీ సరిగ్గా వినలేదు. మనవాళ్ళకు అది పిచ్చాసుపత్రిగానే మిగిలిపోయింది. మెదడు, వెన్నుపాము, నరాలు, కండరాలు, వీటి జబ్బులకు అది దక్షిణ భారతంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి అని చెప్పినా నమ్మరు.

ఒక చిత్రమైన సంగతి చెబుతాను. ప్రపంచంలో నాడీవైద్యం పుట్టింది కూడా ఇటువంటి చోటనే. పారిస్ నగరంలో సాల్పెట్రియేర్ అని ఒక ఆసుపత్రి ఉంది. బీద స్త్రీలనూ, మతి చలించిన స్త్రీలనూ వందల ఏళ్ళు అక్కడ ఉంచేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఝాఁ మార్తేన్ షార్కో అనే వైద్యుడు ఆ వార్డుల్లోనే తిరిగి, రోగులను ఏళ్ళ తరబడి గమనించి, వాళ్ళు చనిపోయాక వెన్నుపామును కోసి సూక్ష్మదర్శినిలో చూసి, ఒక్కొక్క జబ్బునూ విడదీశాడు. 1869లో ఆయన వర్ణించిన ఒక జబ్బునే ఇంగ్లీషులో క్లుప్తంగా ఏ.ఎల్.ఎస్. అంటారు.

అది ఏమిటో కొంచెం తెలుసుకుందాం. మనం చెయ్యి ఎత్తాలంటే మెదడునుంచి ఆజ్ఞ రావాలి. ఆ ఆజ్ఞ వెన్నుపాములోకి దిగి, అక్కడి నాడీకణాల ద్వారా కండరానికి చేరుతుంది. కండరాన్ని కదిలించే ఈ కణాలను మోటార్ న్యూరాన్లు అంటారు. కాలువలో నీళ్ళు ఆగితే చివరి మడి ఎండినట్టు, ఈ కణాలు చచ్చిపోతే వాటి కింది కండరం కరిగిపోతుంది. ఏ.ఎల్.ఎస్.లో ఈ కణాలు ఒకదాని తరువాత ఒకటి పోతూనే ఉంటాయి. చెయ్యి, కాలు, నాలుక, గొంతు, చివరకు ఊపిరి పీల్చే కండరాలు. మొదలైన మూడునుంచి ఐదేళ్ళలో చాలామంది మరణిస్తారు. కొందరు మాత్రం ఎక్కువ కాలం బతుకుతారు. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, ఇరవైఒక్క ఏళ్ళ వయసులో ఇటువంటి జబ్బే ఉందని చెప్పారు. ఆయన 2018 దాకా జీవించాడు.

పట్నంలో ఆ డాక్టరుగారు నా విద్యార్థి తండ్రికి చెప్పింది ఈ జబ్బునే. పాశ్చాత్యుల పాఠ్యగ్రంథాలు ముందు పెట్టుకుని చూస్తే ఆయనకు ఆ అనుమానం రావడంలో వింత లేదు. కండ కరిగిపోతోంది, స్పర్శ మాత్రం బాగానే ఉంది, కాబట్టి అదే అయి ఉండాలి. కానీ ఆ గ్రంథాలు ఎవరిని చూసి రాసినవి? పారిస్, లండన్, న్యూయార్క్ రోగులను చూసి రాసినవి. మన రోగులను చూసి రాసిన పుటలు వాటిలో చాలా తక్కువ.

ఆ పుటలు మొదట రాయబడింది మద్రాసులో. అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వచ్చే రోగుల్లో చిన్న వయసువాళ్ళు కొందరు వింతగా కనిపించారు. చేతులు కాళ్ళు సన్నబడతాయి, ముఖకండరాలు, నాలుక బలహీనపడతాయి, చెవులు వినిపించవు. ఏ.ఎల్.ఎస్. లాగే ఉంది గానీ మనిషి రెండేళ్ళలో పోవడం లేదు. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, ఇంకా ఎక్కువ కూడా బతుకుతున్నాడు. డాక్టర్ మీనాక్షిసుందరం, డాక్టర్ జగన్నాథన్, ప్రసిద్ధ శస్త్రవైద్యులు డాక్టర్ బి. రామమూర్తి కలిసి 1970లో ఈ సంగతిని ప్రచురించారు. అప్పటినుంచి దానికి మద్రాస్ మోటార్ న్యూరాన్ జబ్బు అని పేరు వచ్చింది. పేరు మద్రాసుదే అయినా, అది ఆ ఊరివాళ్ళకు మాత్రమే వచ్చేది కాదు. ఆంధ్రలోనూ, కర్ణాటకలోనూ, కేరళలోనూ ఆ రోగులు కనిపించారు. మన జిల్లా ఆంధ్ర, కర్ణాటకల సరిహద్దులో ఉంది. రాష్ట్రాల సరిహద్దులు మనం గీసుకున్నవి. జబ్బు వాటిని చూసి ఆగదు.

ఇక్కడ మన హోసూరు రోడ్డు కథలోకి వస్తుంది. నిమ్హాన్స్ నాడీవైద్య విభాగంలో డాక్టర్ ఎం. గౌరీదేవి అనే ఆచార్యురాలు పనిచేసేవారు. తరువాతి కాలంలో ఆమె ఆ సంస్థకు డైరెక్టరు కూడా అయ్యారు. ఆమె దగ్గరకు వచ్చే రోగుల్లో కొందరు మద్రాసు వర్ణనకూ సరిపోలేదు, పారిస్ వర్ణనకూ సరిపోలేదు. వాళ్ళు ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. ఒకే ఒక్క చెయ్యి, లేదా ఒకే ఒక్క కాలు చిక్కిపోతుంది. మిగతా శరీరం నిక్షేపంలా ఉంటుంది. కొన్నేళ్ళు నెమ్మదిగా సన్నబడి, తరువాత ఆ జబ్బు తనంతట తానే ఆగిపోతుంది.

ఆగిపోతుంది అన్న ఈ మాటను కనిపెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. ఒక రోగిని ఒకరోజు చూసి మందు రాసి పంపేస్తే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. ఈ ఏడు చూడాలి, వచ్చే ఏడు చూడాలి, ఆపై ఏడు మళ్ళీ రమ్మని ఉత్తరం రాయాలి. ఆ రోగి ఏ మారుమూల పల్లెనుంచో బస్సు ఛార్జీ కూడగట్టుకుని మళ్ళీ రావాలి. చెయ్యి చుట్టుకొలత, వేళ్ళ బలం ఎప్పటికప్పుడు రాసి పెట్టాలి. కండరంలోకి సన్నని సూది గుచ్చి దాని విద్యుత్తును కొలవాలి. కండరం ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. ఇవన్నీ ఓపికగా చేసి, డాక్టర్ గౌరీదేవి, డాక్టర్ టి.జి. సురేశ్, డాక్టర్ ఎస్.కె. శంకర్ 1984లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ నాడీవైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఉన్నది ఇరవైముగ్గురు రోగులు. ఆ జబ్బుకు వాళ్ళు పెట్టిన పేరు మోనోమెలిక్ అమయోట్రఫీ. గ్రీకు మాటల్లో ఉన్న ఆ పేరుకు అర్థం చాలా తేలిక. ఒకే అవయవంలో కండ కరిగిపోవడం, అంతే.

జపానులో హిరయామా అనే వైద్యుడు 1959లోనే, కుర్రాళ్ళ ఒక చెయ్యి సన్నబడే జబ్బును వర్ణించి ఉన్నాడు. మన దేశంలో ఒక కాలు చిక్కిపోయే రోగులను ఉత్తరాది వైద్యులు కూడా గమనించారు. నిమ్హాన్స్‌వాళ్ళు చేయినీ కాలునూ ఒకచోట చేర్చి, ఇవన్నీ ఒకే కుటుంబంలోవి కావచ్చు అని చూపించి, ప్రపంచమంతా వాడుకునే పేరు ఇచ్చారు.

ఒక పేరు పెట్టినంత మాత్రాన ఏమి ఒరిగింది అని మీరు అడగవచ్చు. మందు కనిపెట్టలేదు గదా? నిజమే. కానీ ఆ కాలం గుర్తు చేసుకోండి. పోలియో ఇంటింటి భయంగా ఉన్న రోజులవి. సన్నబడిన కాలు కనిపిస్తే పోలియో అని చెప్పి పంపేసేవారు. మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014 మార్చిలో మనకు పోలియో లేని ప్రాంతంగా గుర్తింపు దొరికింది. పోలియో చిన్నపిల్లలకు జ్వరంతో పాటు వచ్చి, కొద్ది రోజుల్లోనే కాలును పడగొడుతుంది. ఇది యౌవనంలో, జ్వరం లేకుండా, నెలల తరబడి నెమ్మదిగా వస్తుంది. అటు పోలియో కాదని, ఇటు ప్రాణం తీసే ఏ.ఎల్.ఎస్. కాదని తేల్చడానికి ఆ పేరు కావలసి వచ్చింది. పేరు లేని జబ్బుకు పక్కనే ఉన్న పెద్ద జబ్బు పేరు పెట్టేస్తారు. అలా పెట్టిన పేరు ఒక తండ్రి చేత కొడుకును బడి మాన్పించగలదు.

డాక్టర్ గౌరీదేవి పని అక్కడితో ఆగలేదు. 1988లో ఆమె, డాక్టర్ సురేశ్ కలిసి మద్రాస్ రకం జబ్బు గురించి నిమ్హాన్స్ అనుభవాన్ని ఇంగ్లండు పత్రికలో ప్రచురించారు. 1991లో పార్కిన్సన్స్ జబ్బుకు ఆయుర్వేద చికిత్స గురించి ఒక చర్చావ్యాసం రాశారు. బెంగళూరు పట్నంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ లక్షా రెండు వేల మందికి పైగా జనాన్ని ఇంటింటికీ తిరిగి పరిశీలించిన ఒక సర్వే ఫలితాలను 2004లో ప్రకటించారు. నాడీసంబంధమైన జబ్బులు పట్నంలో కంటే పల్లెల్లో దాదాపు రెండింతలు ఉన్నాయని ఆ సర్వేలో తేలింది. పల్లెగాలి పీల్చి రాగిముద్ద తినేవాడికి ఏ రోగమూ రాదు అని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ సర్వే మాత్రం మనల్ని కొంచెం ఆగి ఆలోచించమంటుంది.

తరువాతి తరం ఆ దస్తావేజులను కొనసాగించింది. డాక్టర్ ఎ. నళిని, ఆమె సహచరులు 2008లో ముప్ఫై ఏళ్ళకు పైబడిన ఆసుపత్రి రికార్డులు తీసి, మద్రాస్ రకం రోగులు 116 మంది వివరాలను, ఏ.ఎల్.ఎస్. రోగులు 1153 మంది వివరాలను ప్రచురించారు. మనవాళ్ళకు ఏ.ఎల్.ఎస్. సగటున 46 ఏళ్ళ వయసులోనే మొదలవుతోందని వాళ్ళు చూపించారు. పాశ్చాత్య దేశాల్లో అది చాలావరకు అరవై ప్రాంతంలో వస్తుంది. నలభైఆరేళ్ళు అంటే ఇంట్లో సంపాదించే మనిషి, పెళ్ళి కావలసిన పిల్లల తండ్రి.

ఇంతవరకు చెప్పింది బతికి ఉన్నవాళ్ళను చూసి నేర్చుకున్న విద్య. షార్కో చేసినట్టు మెదడును చూస్తే గాని తేలని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఇందుకోసం 1995లో డాక్టర్ ఎస్.కె. శంకర్ ఆధ్వర్యంలో నిమ్హాన్స్‌లో ఒక మెదడు నిధి ఏర్పడింది. నేత్రనిధి ఉన్నట్టే ఇదీను. చనిపోయినవారి బంధువులు సమ్మతించి ఇస్తే మెదడును భద్రపరచి పరిశోధకులకు అందజేస్తారు. రోడ్డు ప్రమాదాల్లో పోయినవారి మెదళ్ళు కూడా ఇందులోకి చేరుతూ వచ్చాయి. శ్రోతలారా, హోసూరు రోడ్డులో తిరిగే మనకు రోడ్డు ప్రమాదం అంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు. అంతటి దుఃఖంలో ఉన్న తల్లో భార్యో సరే అని తల ఊపితేనే ఈ శాస్త్రం ఒక అడుగు ముందుకు పడింది.

అలా సేకరించిన మెదళ్ళలో దొరికిన ఒక్క సంగతి చెబుతాను. మన ఇళ్ళలో వణుకుడు రోగం అనేదీ, ఆయుర్వేదం కంపవాతం అనేదీ, ఇంగ్లీషులో పార్కిన్సన్స్ జబ్బు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దాన్ని వర్ణించాడు. మెదడు అడుగున ఒక నల్లని మచ్చలాంటి భాగం ఉంది. అక్కడి కణాలు డోపమైన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. ఆ కణాలు చాలావరకు నశిస్తే చెయ్యి వణకడం, నడక మందగించడం, ముఖం బిగుసుకుపోవడం మొదలవుతాయి. డాక్టర్ ఉదయ్ ముథానె, డాక్టర్ టి.సి. యశ, డాక్టర్ శంకర్ మామూలు భారతీయుల మెదళ్ళలో ఈ నల్లకణాలను లెక్కపెట్టి 1998లో ప్రకటించారు. బ్రిటిష్‌వాళ్ళ మెదళ్ళతో పోలిస్తే మనకు ఈ కణాలు సుమారు 40 శాతం తక్కువ. అంటే మనకే ఆ జబ్బు ఎక్కువ రావాలి గదా? కానీ ఇంగ్లండువాళ్ళలో వయసు పెరిగేకొద్దీ ఆ కణాలు తగ్గుతూ వస్తాయి, మనవాళ్ళలో మాత్రం వయసుతో పాటు తగ్గడం కనిపించలేదు. మూలధనం తక్కువే గానీ ఖర్చు కూడా లేదన్నమాట. దీనికి కారణం ఏమిటన్నది ఇంకా పరిశోధించవలసిన విషయం. కానీ ఇంగ్లండు మెదడును చూసి రాసిన లెక్క మన మెదడుకు అలాగే అతకదని ఆ ఒక్క పరిశోధన చాటింది.

ఈ పార్కిన్సన్స్ జబ్బుకు ఈనాటికీ ముఖ్యమైన మందు ఎల్-డోపా. మన చేలగట్ల మీద పాకే దూలగొండి మీకు తెలుసు. కాయ తగిలితే ఒళ్ళంతా దురద. ఆ గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే రసాయన శాస్త్రవేత్తలు కనుగొన్నారు. దానికి పార్కిన్సన్స్‌తో ఉన్న సంబంధం అప్పటికి ఎవరికీ తెలియదు. మెదడులో డోపమైన్ తగ్గడమే ఆ జబ్బుకు మూలమని 1960లో వియన్నాలో తేలింది. 1967లో అమెరికాలో డాక్టర్ కొట్జియాస్ డోపాను నోటిద్వారా పెద్ద మోతాదులో ఇచ్చి రోగులను లేపి నడిపించాడు. అయితే ఒక హెచ్చరిక. ఈ మాట విని ఎవరూ గట్టుమీది గింజలు కోసుకొచ్చి నూరి ఇంట్లో పెద్దలకు తాగించకండి. ఒక్కొక్క గింజలో మందు ఒక్కొక్క పాళ్ళలో ఉంటుంది. మోతాదు తప్పితే వాంతులు, భ్రమలు, ఒళ్ళు వంకరలు తిరగడం వంటివి వస్తాయి.

ఇక నా విద్యార్థి దగ్గరకు వస్తాను. తండ్రిని ఒప్పించడానికి నాకు రెండు వారాలు పట్టింది. "పిచ్చికి కాదన్నా, నరాలకు. అక్కడ రెండు వాకిళ్ళు ఉన్నాయి, మనం నరాల వాకిట్లోకి పోదాం" అని చెప్పాను. వాకిలి లెక్క నేను కల్పించి చెప్పిందే. ఆ అబద్ధానికి నేనేమీ సిగ్గుపడను. తెల్లవారుజామున ముగ్గురం బస్సెక్కాం. చీటీ రాసే చోట ఒకాయన కన్నడంలో అడిగి, మా ముఖాలు చూసి వెంటనే తెలుగులోకి మారాడు. తండ్రికి అప్పుడు కొంచెం ప్రాణం లేచి వచ్చింది.

మూడుసార్లు తిరిగాం. సూది పరీక్ష చేశారు. మెడ నిటారుగా ఉంచి ఒకసారి, ముందుకు వంచి ఒకసారి ఎం.ఆర్.ఐ. తీశారు. కొందరు కుర్రాళ్ళలో మెడ వంచినప్పుడు వెన్నుపాము చుట్టూ ఉండే పొర ముందుకు జరిగి వెన్నుపామును నొక్కుతుందట. రోజూ గంటల తరబడి అలా నొక్కుకుంటే చేతికి పోయే కణాలు దెబ్బతింటాయి. హిరయామా, ఆయన తరువాతివాళ్ళు కనుగొన్న సంగతి ఇది. చలికి వేళ్ళు బిగుసుకోవడం కూడా ఈ జబ్బు లక్షణమేనట. తరగతిలో నేను చూసి కూడా గుర్తుపట్టలేకపోయింది అదే. మెడ వంచకుండా ఉండడానికి పట్టీ కట్టారు. ఆ చిన్న డాక్టరమ్మ తండ్రితో చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "పోయిన కండ తిరిగి రాదు. కానీ ఇది మెల్లగా ఆగిపోతుంది. ప్రాణానికి భయం లేదు. అబ్బాయిని చదివించండి."

తండ్రి ఏమీ అనలేదు. బయటికి వచ్చి చెట్టు కింద కూర్చున్నాడు. చాలాసేపటికి, "ఆగిపోతాదంట సారూ" అన్నాడు. ఆ ఒక్క మాటను తిరుగు బస్సులో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

జబ్బు ఆగిపోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఆ లోపల వాడు ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. పదో తరగతి పరీక్ష ఎడమచేత్తోనే రాసి ప్యాసయ్యాడు. ఇప్పుడు ఒక పూలతోటల కంపెనీలో లెక్కలు చూస్తాడు, పెళ్ళయింది, ఒక కూతురు. కుడిచెయ్యి ఇప్పటికీ సన్నగానే ఉంది. ముందరి ముత్యాల దస్తూరి మాత్రం పోయింది.

నేను ఆలోచిస్తూ ఉంటాను. 1984లో వచ్చిన ఆ వ్యాసంలోని ఇరవైముగ్గురు ఎవరు? వాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ ఉండవు, ఉండకూడదు కూడా. ఏ పల్లెలనుంచి వచ్చారో, ఏ అప్పు చేసి బస్సెక్కారో తెలియదు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చి చెయ్యి చాపి చూపించారు కాబట్టి, పాతికేళ్ళ తరువాత ఒక డాక్టరమ్మ మా ముందు కూర్చుని ఆగిపోతుంది అని ధైర్యంగా చెప్పగలిగింది. నాకూ నా విద్యార్థికీ వాళ్ళు దానం చేసింది ఆ మాట.

కాబట్టి శ్రోతలారా, మీకు నా మనవి ఇది. మీ ఇంట్లో కుర్రాడి చెయ్యిగానీ కాలుగానీ నొప్పి లేకుండా సన్నబడుతుంటే, ఊరికే కూర్చున్నప్పుడు పెద్దాయన చెయ్యి వణుకుతుంటే, అవ్వ నడక చిన్న చిన్న అడుగులుగా మారితే, దిష్టి అనో ముసలితనం అనో సరిపెట్టుకోకండి. నాడీవైద్య నిపుణునికి చూపించండి. కొన్నిసార్లు అక్కడ చెప్పే మాట చేదుగానే ఉంటుంది. ఏ.ఎల్.ఎస్.కు ఈనాటికీ పూర్తిగా నయం చేసే మందు లేదు. అయినా సరైన పేరు తెలిస్తే ఏం చెయ్యాలో తెలుస్తుంది. మళ్ళీ రమ్మన్న తేదీకి తప్పకుండా పోండి. బాగానే ఉంది గదా, ఇంకెందుకు అని మానేయకండి. బాగానే ఉంది అన్నది కూడా వాళ్ళు రాసుకోవలసిన సంగతే.

హోసూరు బస్‌స్టాండులో బెంగళూరు బస్సు ఇప్పటికీ పొద్దున్నే బయలుదేరుతుంది. ప్లాస్టిక్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తే కొంచెం జరిగి చోటివ్వండి. ఎక్కడికి అని అడగండి. సిగ్గుపడి చెప్పకపోతే, అది పిచ్చాసుపత్రి మాత్రమే కాదు, అక్కడ నరాలకు కూడా చూస్తారు అని మీరే చెప్పండి.